వార్షిక నివేదిక: కరువులో కట్టిన రొమేనా చర్చికి మన యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు నడుస్తున్నాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు రొమేనా యాత్రకే. వచ్చినవాళ్లు ఇప్పటికీ దాని గురించే మాట్లాడుతున్నారు.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు తూర్పున కాసెంతీనో లోయలో, ఆర్నో నది ఇంకా చిన్నగా పారే చోట, పొలాల మధ్య ఉంటుంది రొమేనాలోని ఈ సాన్ పియెత్రో చర్చి. మధ్యయుగంలో చుట్టుపక్కల పల్లెల బాప్తిస్మాలన్నీ ఇలాంటి పెద్ద చర్చిలోనే జరిగేవి. ముందువైపు చూసి నిరాశపడకండి. 1678లో కొండచరియ విరిగిపడి పాత ముఖభాగం, దాని వెనకున్న కొంత కట్టడం పోయాయి. వెనక్కి నడవండి. అర్ధవృత్తాకారపు గోడ మీద రెండు అంతస్తులుగా చిన్న కమానులు కనిపిస్తాయి. ఫ్లోరెన్స్ ఉన్న ఈ టస్కనీ ప్రాంతపు పల్లెల్లో ఇంతకన్నా అందమైన గోడ మేం చూడలేదు.

లోపలి స్తంభాలు ఒక్కొక్కటీ ఏకశిల. ఒక స్తంభం తల మీద క్రీస్తు పేతురుకు తాళపుచెవులు ఇస్తున్నాడు. ఇంకోచోట ఈ పని చేయించింది పారిష్ గురువు అల్బెరికస్ అని లాటిన్‌లో ఉంది. మరోచోట ఉన్న మాట చదివాక అందరం కాసేపు అక్కడే ఆగిపోయాం: "కరువు కాలంలో, 1152." మన గుళ్ల శాసనాల్లో రాజుల బిరుదులు, దానమిచ్చిన భూముల లెక్కలు చదివి పెరిగినవాళ్లం. ఇక్కడ ఆకలినే రాతిలో చెక్కించారు. తిండి దొరకని రోజుల్లో రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, కానీ వాళ్ల కష్టం ఆ మాటలో ఉంది. నా దృష్టిలో ఈ చర్చిలోని శిల్పాలన్నిటికన్నా విలువైనది అదే.

దగ్గర్లోనే గుయిదీ ప్రభువుల కోట ఉంది. వాళ్ల కోసం దొంగ ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) తయారుచేసిన ఆదాము అనే వ్యక్తిని 1281లో సజీవంగా దహనం చేశారు. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో అతన్ని నరకంలో పెట్టి, కాసెంతీనో వాగుల నీటి చుక్క కోసం అలమటించేలా చేశాడు. ఆ వాగులు చూశాక ఆ శిక్ష ఎంత కఠినమో అర్థమైంది.

వచ్చే ఏడు గ్రోపీనా చర్చికి వెళ్దామని కమిటీ ప్రతిపాదన. అక్కడి ప్రసంగ వేదిక కింద ముడి వేసినట్టు చెక్కిన జంట స్తంభాలు ఉన్నాయి. రాదలచినవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. కారులో సీట్లు ఖాళీ ఉంటే ఆ సంగతీ చెప్పండి.