థర్మకోల్ అగ్నిపర్వతానికి కాదు, నోటుబుక్కుకు మార్కులివ్వండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. 'ఈ ఏడాది ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేయాలి' అన్న ఉత్తర్వు మాకూ అందింది. సంతోషమే. కాకపోతే ప్రాజెక్టు అనగానే మా బడికి వచ్చేది థర్మకోల్ అగ్నిపర్వతం. సగం వాళ్ల నాన్న చేస్తాడు, సగం షాపులో కొంటారు. బాగా మెరిసిన దానికి ఎక్కువ మార్కులు. అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది పిల్లలు ఇష్టపడి, తామే పూనుకుని చేసే పని. ఇది అది కాదు.

పోయిన నెల ఎనిమిదో తరగతికి దారం, ఇనప నట్టు, స్టాప్‌వాచ్ ఇచ్చాను. లోలకం ఎంతసేపట్లో ఊగుతుందన్నది దేన్నిబట్టి ఉంటుందో మీరే తేల్చండి అన్నాను. బరువును బట్టే అని క్లాసంతా ఒకటే మాట. బరువు మార్చి చూశారు, సమయం మారలేదు. మీటరు దారంతో పదిసార్లు ఊగడానికి మూడు గుంపులకు దాదాపు 20 సెకన్లు వచ్చాయి, నాలుగో గుంపుకు 18. నేను నోరు మెదపలేదు (అదే కష్టం). కాసేపటికి పక్క గుంపు అబ్బాయి కనిపెట్టాడు: లెక్కపెట్టే అమ్మాయి నట్టు వదలగానే 'ఒకటి' అంటోంది. పది అనేసరికి ఊగింది తొమ్మిదిసార్లే!

తర్వాత దారాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే 10 సెకన్లు వచ్చింది. పొడవు నాలుగో వంతైతే సమయం సగమే తగ్గిందేమిటని గొడవ మొదలైంది. అంతలో బెల్లు కొట్టారు. మర్నాటికి ఆ వేడి చల్లారిపోయింది.

అన్నీ ఇలాగే చెప్పాలనడం లేదు. పరమాణువు లోపలి సంగతులు టీచరు కూర్చోబెట్టి చెప్పాల్సిందే. గుంపుల్లో పనిచేసేది ఇద్దరు, చూసేది నలుగురు అన్నదీ నిజమే. దానికి టీచరు తిరుగుతూ అడుగుతుండాలి, అరవై మంది క్లాసులో అది కుదిరే పని కాదు.

వారానికి ఒక్కసారైనా సైన్సుకు రెండు పీరియడ్లు వరసగా ఇప్పించండి. మార్కుల విషయం అంతకంటే ముఖ్యం. ఆ అమ్మాయి రికార్డు రాస్తూ "సార్, 18 కొట్టేసి 20 రాసేదా?" అని అడిగింది. వద్దమ్మా, 18 ఉంచి, ఎందుకొచ్చిందో పక్కన రాయి అన్నాను. రాసింది. దానికి మార్కు వేద్దామంటే మీరు పంపిన మార్కుల పట్టికలో 'నమూనా అందం', 'ఫలితం' అనే గడులే ఉన్నాయి. ఇంకో గడి పెట్టించండి.

ఇట్లు,
ఒక సైన్సు టీచరు