అవయవదానం ఆగేది జిల్లా ఐసీయూలో: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రతిజ్ఞా పత్రాలు, ర్యాలీలు వద్దని అనం. కానీ జేబులో దాత కార్డు ఉన్నా, వెంటిలేటర్ మీద ఉండగా బ్రెయిన్‌డెత్ (మెదడు తిరిగి కోలుకోలేనట్టు చనిపోవడం) నిర్ధారణ కాకపోతే ఆ గుండె, కాలేయం ఎవరికీ అందవు. 2021లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు గుండెను మెట్రో రైల్లో చేర్చిన నగరం మనది. రవాణా మనకు వచ్చు. రానిది అంతకు ముందు పని.

2011 నాటి అవయవ మార్పిడి సవరణ చట్టాన్ని 2025 మార్చిలో మన శాసనసభ స్వీకరించింది. దాని ప్రకారం న్యూరో వైద్యులు లేనిచోట సర్జన్ లేదా ఫిజీషియన్, మత్తు డాక్టరు లేదా ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ నిపుణుడు) బ్రెయిన్‌డెత్ నిర్ధారించే బాధ్యత తీసుకోవచ్చు. కాబట్టి 'మా దగ్గర న్యూరోసర్జన్ లేరు' అనే మాట ఇక చెల్లదు.

అసలు చిక్కు ఆప్నియా పరీక్షలో, అంటే రోగి సొంతంగా ఊపిరి తీస్తాడో లేదో చూసే పరీక్షలో. ఒంటి వేడి 36 డిగ్రీలకు తెచ్చి, మత్తుమందుల ప్రభావం పోయిందని తేల్చుకుని, వెంటిలేటర్ కాసేపు తీసేస్తారు. సన్నటి గొట్టంతో ఆక్సిజన్ ఇస్తూ 8 నుంచి 10 నిమిషాలు ఛాతీ కదులుతుందేమో చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 (mmHg) దాటినా శ్వాస రాకపోతేనే లెక్క. ఆ 60 చెప్పాల్సింది రక్తంలోని వాయువులను కొలిచే ఏబీజీ యంత్రం. దాని కాట్రిడ్జ్ అయిపోయిన రాత్రి పరీక్షే లేదు.

కనీసం 6 గంటల తర్వాత అన్నీ మళ్లీ చేయాలి. ఈలోగా బీపీ పడిపోతుంది, మూత్రం లీటర్లకొద్దీ పోతుంది, సోడియం 155 దాటితే కాలేయం దెబ్బతింటుంది. వీటిని అదుపు చేసే వాసోప్రెసిన్, నార్‌అడ్రినలిన్ మందులు ఐసీయూలోనే ఉండాలి, స్టోర్ తాళం వెనుక కాదు.

కుటుంబాన్ని రెండో పరీక్ష ముగిశాకే అడగాలి. వెంటిలేటర్ వల్ల ఛాతీ ఎగసిపడుతుంటే, వరండాలో నిలబెట్టి కాగితం చాపితే 'మావాణ్ణి వదిలేశారా?' అంటారు. అనరా మరి!

రోడ్డు ప్రమాదమైతే పంచనామా, పోస్టుమార్టం తప్పవు. అవయవదానం కోసం సూర్యాస్తమయం తర్వాతా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021లోనే చెప్పింది. అయినా తెల్లారేదాకా ఆగమనడం పోలేదు. బయటకు తీశాక గుండెకు దాదాపు 4 గంటలే గడువు. అయితే తీయకముందు పోయే గంటలను ఎవరూ లెక్కించడం లేదు.

అందుకే కోరేది: వెంటిలేటర్లున్న ప్రతి ప్రభుత్వ ఐసీయూను అవయవ సేకరణ కేంద్రంగా నమోదు చేయండి. రాత్రి డ్యూటీకీ సమన్వయకర్తను, ఫోరెన్సిక్ వైద్యుణ్ణి ఇవ్వండి. బ్రెయిన్‌డెత్ అనుమానం రాగానే రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌కు ఫోన్ వెళ్లాలి. వెంటిలేటర్ మీద మెదడు దెబ్బతో చనిపోయినవారెందరు, వారిలో పరీక్ష జరిగింది ఎందరికి అనే రెండు అంకెలు ప్రతి నెలా మీ బల్లమీదకు తెప్పించుకోండి.