విదేశాంగ మంత్రి గారికి హైదరాబాద్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నకిలీ పోలీసులు వీడియో కాల్‌లో చేసే ‘డిజిటల్ అరెస్టు’ బెదిరింపుతో డబ్బు పోగొట్టుకున్న హైదరాబాదీ సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే, ఇక్కడి బ్యాంకు ఖాతాలను స్తంభింపజేయగలరు. బెదిరించినవాడు కంబోడియాలోనో మయన్మార్‌లోనో ఉంటే దర్యాప్తు సరిహద్దు దగ్గరే ఆగిపోతోంది. ఉద్యోగాల ఆశ చూపి తీసుకెళ్లిన మన తెలుగు పిల్లలనే అక్కడ నిర్బంధించి ఈ నేరాలు చేయిస్తున్నారు. నన్ను ఎక్కువగా కలచివేసేది అదే.

సైబర్ నేరాల దర్యాప్తులో దేశాలు సహకరించుకునేందుకు 2001లో కుదిరిన బుడాపెస్ట్ ఒప్పందంలో మనం చేరలేదు. రూపకల్పనలో మనకు చోటివ్వలేదన్న అభ్యంతరం సబబే. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందం అమల్లోకి రావాలంటే 40 దేశాల ధ్రువీకరణ కావాలి. అంతవరకు ఎదురుచూడాలా?

2026లో బ్రిక్స్ దేశాల కూటమి అధ్యక్షత మనదే. ఇండోనేషియా సభ్యదేశం, వియత్నాం, థాయ్‌లాండ్, మలేషియా భాగస్వాములు. రాత్రింబవళ్లు పనిచేసే సంప్రదింపు కేంద్రాలను, ఆధారాలు చెరిగిపోకముందే భద్రపరిచే ఏర్పాటును వారితో కుదర్చండి. అది పౌరులపై నిఘాకు దారితీయకుండా న్యాయస్థానం అనుమతిని తప్పనిసరి చేయండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరురాలు