ఆడినవాళ్లకే అకాడమీ అప్పగించండి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రాష్ట్రంలో స్పోర్ట్స్ యూనివర్సిటీ గురించి, కొత్త అకాడమీల గురించి వింటున్నాం. ఫుట్‌బాల్ అభిమానిగా నాకు సంతోషమే. కానీ స్టేడియాల గురించి, విదేశీ కోచ్‌ల గురించి జరిగినంత చర్చ పిల్లల గురించి జరగడం లేదు. పదకొండేళ్ల పిల్లాణ్ణి ఇంటి నుంచి తీసుకొచ్చాక వాణ్ణి ఎవరు చూసుకుంటారు, ఆట మానేశాక వాడికి దారేమిటి అని ఎవరూ అడగడం లేదు. అందుకే స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు గియెర్మో అమోర్ గురించి మీకు రాస్తున్నాను.

అమోర్ 1967లో స్పెయిన్‌లోని బెనిడోర్మ్ అనే సముద్రతీర పట్నంలో పుట్టాడు. చిన్నప్పుడే ఇల్లు వదిలి బార్సిలోనా క్లబ్ హాస్టల్ లా మాసియాలో చేరాడు. క్యాంప్ నౌ స్టేడియం పక్కనే 1702లో కట్టిన పాత రైతు ఇల్లది. దాన్ని 1979లో పిల్లల హాస్టల్‌గా మార్చారు. మొదటి బ్యాచ్‌ల్లో వచ్చినవాడే అమోర్. అక్కడ పగలు బడి, సాయంత్రం ఆట. చదువు మాన్పించి ఆడించడం ఉండేది కాదు.

1988లో యోహాన్ క్రొయ్ఫ్ కోచ్‌గా వచ్చాక అమోర్‌కు సీనియర్ జట్టులో చోటు దొరికింది. పదేళ్లలో ఐదు లీగ్ టైటిళ్లు. 1992లో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. పత్రికలకెక్కే ఆట కాదు అతనిది. బంతి లాక్కుని, పక్కవాడికిచ్చి, ఖాళీ చూసుకుని పరిగెత్తేవాడు. అయితే యూరప్ దేశాల జట్లు ఆడే యూరో కప్‌లో, 1996లో, రొమేనియా మీద స్పెయిన్ గెలిచి తీరాల్సిన రోజున సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. స్కోరు 1-1 మీద ఉండగా 84వ నిమిషంలో తలతో గోల్ కొట్టి జట్టును క్వార్టర్ ఫైనల్‌కు చేర్చాడు. తర్వాత ఇటలీలో ఫియొరెంతీనాకు, స్పెయిన్‌లో వియ్యారియాల్‌కు ఆడి, 2003లో స్కాట్లండ్‌లోని లివింగ్‌స్టన్‌లో ఆట ముగించాడు.

మీరు చూడాల్సింది ఆ తర్వాతి కథ. 2010లో బార్సిలోనా తన యువ విభాగం బాధ్యతను అమోర్‌కే అప్పగించింది. తాను పెరిగిన చోటే పిల్లల్ని చూసుకునే పని. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్యాలన్ డోర్ అవార్డుకు చివరి ముగ్గురిగా నిలిచిన మెస్సీ, ఇనియెస్టా, షావీ అక్కడ పెరిగినవాళ్లే. ఇంకోటీ చెప్పాలి. మైనర్ ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు తప్పిందని 2014లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆ క్లబ్‌కు శిక్ష వేసింది. అంత పేరున్న చోటే అలా జరిగిందంటే, మన అకాడమీల్లో పిల్లల రక్షణ నియమాలు మొదటి రోజు నుంచే రాతపూర్వకంగా ఉండాలి.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యునైటెడ్‌కు 2015లో అమోర్ హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేదు. మన దగ్గరైతే అప్పటికే ఇంటికి పంపేసేవాళ్లం! ఆ క్లబ్ ఓపిక పట్టింది. లీగ్‌లో అగ్రస్థానం దక్కింది. 2016 మే 1న ఫైనల్లో యాభై వేల మంది ముందు వెస్టర్న్ సిడ్నీని 3-1తో ఓడించి అడిలైడ్ తొలిసారి చాంపియన్ అయింది. మరుసటి సీజన్ బాగా దెబ్బతింది, అమోర్ వెళ్లిపోయాడు. బార్సిలోనా మళ్లీ పిలిచి క్లబ్‌లో బాధ్యతలిచ్చింది.

మనకిది కొత్త కాదు సార్. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి కూడా. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. 1962 ఆసియా క్రీడల్లో ఆయన కోచింగ్‌లో భారత జట్టు బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం గారు సికింద్రాబాద్ బిడ్డ. రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టిన మనిషి. చివరి రోజులు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో గడిపి 2023లో కోల్‌కతాలో కన్నుమూశారు. అలాంటి మనిషిని ఇక్కడికి పిలిపించి పిల్లల ముందు నిలబెట్టుకోలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

2022లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతుల మీదుగా మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. ఆ తర్వాత జీతాల గొడవలతో జట్టు చెదిరిపోయింది. మంచి కోచ్ వస్తే సరిపోదని, వెనక నిలబడే వ్యవస్థ కావాలని అప్పుడే తేలింది.

కాబట్టి నా విన్నపం ఇది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో గానీ కొత్త యూనివర్సిటీలో గానీ ఫుట్‌బాల్‌కు ప్రత్యేక విభాగం పెట్టండి. దాని డైరెక్టర్‌గా ఆట ఆడి రిటైరైన మన రాష్ట్రపు మనిషినే వేయండి. కనీసం ఐదేళ్లు కదపకండి. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీలో ఆడినవాళ్లు కోచింగ్ లైసెన్స్ పరీక్షలకు వెళ్తే ఫీజు ప్రభుత్వమే కట్టాలి. పాసైనవాళ్లకు జిల్లా హాస్టళ్లలో ఉద్యోగమివ్వండి, కాంట్రాక్టు కాదు, పర్మనెంటుగా. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోపే ఆ డైరెక్టర్ పేరు ప్రకటిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని, సికింద్రాబాద్