మీ తమ్ముడు చూడవలసిన అంకె

మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. మీ తమ్ముడు మహానగరానికి వెళ్లి ఏ పని నేర్చుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతున్నాడనీ, వచ్చే పదేళ్లలో ఏ వృత్తి ఎంత శాతం పెరుగుతుందో చూపే పట్టిక ఒకటి సంపాదించి అందులో అన్నిటికంటే పైన ఉన్న వృత్తి మీదే మనసు పెట్టుకున్నాడనీ రాశావు. ఉద్యోగాల లెక్కలు తీసే పనిలో ఇన్నేళ్లు గడిపినవాణ్ని కాబట్టి నన్ను అడిగావు. వాడి బతుకుతెరువు విషయం కనుక రెండు ముక్కల్లో తేల్చేయడానికి నాకు మనసొప్పలేదు. తీరిక చేసుకుని చదువు.

శాతం చూసి వృత్తిని ఎంచుకోవద్దని ముందుగా వాడికి చెప్పు. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంకాల సంస్థ 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాల్లో గాలిమరల టెక్నీషియన్ల ఉద్యోగాలు 60 శాతం పెరుగుతాయని ఉంది. శాతం లెక్కన మిగిలిన వృత్తులన్నిటికంటే అదే ముందుంది. కానీ అంత పెద్ద దేశంలో ఆ పని చేసేవారు మొదట 11,400 మంది మాత్రమే కాబట్టి, పదేళ్లలో కొత్తగా వచ్చేవి సుమారు 6,800 ఉద్యోగాలు. అదే అంచనాల్లో ఇళ్లకు వెళ్లి వృద్ధులనూ రోగులనూ కనిపెట్టుకుని ఉండే సహాయకుల వృత్తి 21 శాతమే పెరుగుతుంది, అయినా కొత్త ఉద్యోగాలు 8 లక్షలు దాటుతాయి. మీ తమ్ముడి పట్టికలో శాతం పక్కన మొదటి ఏడాది తలల లెక్క ఉందో లేదో చూడమను. అది లేకపోతే ఆ పట్టికను పక్కన పెట్టేయమను.

తలల లెక్క కంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది, దానిని చాలామంది చూడనే చూడరు. ఒక వృత్తిలో ఏటా ఎందరు బయటికి వెళ్తున్నారన్నది ఆ అంకె. పదవీ విరమణ చేసేవారు, ఒంట్లో బాగాలేక మానేసేవారు, ఇంట్లో చిన్నపిల్లల కోసమో పెద్దవారి కోసమో ఆగిపోయేవారు, ఈ పని వదిలి మరో వృత్తిలోకి మారేవారు, వీళ్లందరూ ఖాళీ చేసే చోట్లలోకి ఎవరో ఒకరు రావలసిందే. లెక్క సులువుగా తెలియడానికి ఒక నగరంలో 10,000 మంది గుమాస్తాలు ఉన్నారనుకో. పదేళ్లలో ఆ సంఖ్య 500 తగ్గుతుందని అంచనా వేశారు, అంటే ఏటా 50 ఉద్యోగాలు పోతాయి. అయితే ఏటా 800 మంది ఆ పని వదిలి వెళ్తుంటే, కొత్తగా ఏటా 750 మందిని తీసుకోక తప్పదు. తగ్గిపోతున్న వృత్తిలో కూడా ఇన్ని తలుపులు తెరుచుకుంటాయి! అమెరికాలో బ్యాంకు క్యాషియర్ల ఉద్యోగాలు అదే పదేళ్లలో 15 శాతం తగ్గుతాయని అంచనా ఉన్నా, ఏటా వేల ఖాళీలు వస్తూనే ఉంటాయని ఆ సంస్థే చెబుతోంది.

ఖాళీలు ఎక్కువగా ఉన్నాయంటే పని మంచిదని మాత్రం అనుకోకూడదు. జీతం చాలకో, వేళలు కుదరకో, నడుము విరిగే చాకిరీ భరించలేకో జనం నిలవని చోట కూడా ఖాళీలు ఎక్కువగానే ఉంటాయి. అందుకే ఖాళీల సంఖ్యనూ, మధ్యస్థ వేతనాన్నీ (ఆ పనిలో సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది అంతకంటే తక్కువ సంపాదించే మొత్తాన్ని) పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రెండూ బాగున్న వృత్తి పట్టికలో పదిహేనో వరుసలో ఉన్నా సరే, నా దృష్టిలో మొదటి వరుసకంటే అదే మేలు.

ఇక ఆ పట్టికలో మహానగర ప్రాంతమని రాసినది మనం మాటల్లో నగరం అనుకునేది కాదు. పనికోసం రోజూ జనం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లివస్తారో చూసి ఆ హద్దు గీస్తారు. అమెరికాలోనైతే ఒక కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, ఉంటున్న ఉద్యోగుల్లో కనీసం 25 శాతం మంది ముఖ్య నగరం ఉన్న కౌంటీలకు పనికి వెళ్తుంటే దానిని మహానగర ప్రాంతంలో కలుపుతారు. డెట్రాయిట్ సంగతే చూడు. 1950లో ఆ నగర జనాభా 18 లక్షలు దాటింది, 2020 నాటికి 6 లక్షల 40 వేల లోపుకు పడిపోయింది. కార్ల కర్మాగారాలు తరలిపోవడం, జనం శివార్లకు వెళ్లిపోవడం రెండూ అందుకు కారణాలే. అయినా చుట్టుపక్కల పట్టణాలను కలుపుకున్న మహానగర ప్రాంతంలో 2020లో కూడా 40 లక్షల మందికి పైగా ఉన్నారు. ఒకే పేరు, రెండు కథలు. కాబట్టి తను చేరదలచుకున్న పని ఆ హద్దులో ఏ మూల ఉందో, తను ఉండబోయే చోటినుంచి అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో వాడు ముందే కనుక్కోవాలి.

ఆ ప్రాంతం దేనిమీద బతుకుతోందన్నది కూడా చూడాలి. దేశం మొత్తం ఉద్యోగాల్లో ఒక వృత్తి 2 శాతం ఉండి, ఆ మహానగరంలో 4 శాతం ఉంటే, అక్కడ ఆ పని రెండింతలు పాతుకుపోయిందని అర్థం. అలాంటి చోట ఒక సంస్థలో పని పోతే మరో సంస్థ దొరుకుతుంది, పని నేర్పే పెద్దవాళ్లూ దొరుకుతారు. బయటి మార్కెట్లకు అమ్ముకునే పరిశ్రమ పెరిగితే దాని చుట్టూ డ్రైవర్లకు, నర్సులకు, మేస్త్రీలకు, ఉపాధ్యాయులకు కూడా పని పెరుగుతుంది. అమెరికా మహానగరాల లెక్కలు తీసిన ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి, అధునాతన సాంకేతిక రంగంలో ఒక ఉద్యోగం వస్తే కాలక్రమంలో అదే ప్రాంతంలో సుమారు ఐదు ఇతర ఉద్యోగాలు వస్తాయని అంచనా కట్టారు. ఆ ముఖ్య పరిశ్రమ కుంగినప్పుడు చుట్టూ ఉన్న పనులూ కుంగుతాయని వేరే చెప్పనక్కరలేదు.

ఈ అంకెలు ఎలా పుడతాయో నేను దగ్గరినుంచి చూసినవాణ్ని. ఒకసారి ఒక చిన్న కర్మాగారం నుంచి వచ్చిన ఫారంలో పదకొండు మందికీ "హెల్పర్" అని ఒకటే మాట రాసి ఉంది. అనుమానం వచ్చి నేనే వెళ్లి చూశాను. అందులో ఒకాయన లేత్ మిషన్ దగ్గర నిలబడి, కొలిచే పరికరం కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క ముక్క మందం చూసి పక్కన పెడుతున్నాడు. ఆయనది ఏళ్ల తరబడి నేర్చిన విద్య. ఇద్దరు వెల్డింగ్ చేస్తున్నారు, ఒకామె స్టోర్ లెక్కలు రాస్తోంది, మిగిలినవారు సరుకు మోస్తున్నారు, ప్యాకింగ్ చేస్తున్నారు. నేను వెళ్లకపోయి ఉంటే ఆ నలుగురి నైపుణ్యాలు లెక్కలో లేకుండా పోయేవి. ఆ రోజు నుంచి ఏ పట్టిక చూసినా, ఆ ఒక్క మాట వెనక ఎవరెవరు దాగి ఉన్నారోనని నాకు అనిపిస్తూనే ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 నాటి వర్గీకరణలో వృత్తులను 436 చిన్న వర్గాలుగా విడదీసింది, కానీ ఫారం నింపేవారు ఒక్క మాటతో సరిపెడితే ఆ వర్గీకరణ ఎంత సూక్ష్మంగా ఉన్నా ఏం లాభం?

ఈ అంచనాలన్నీ ఇప్పటి పోకడ కొనసాగుతుందన్న నమ్మకం మీద నిలబడినవి. 2020 ఏప్రిల్ ఒక్క నెలలో అమెరికాలో 2 కోట్లకు పైగా ఉద్యోగాలు పోతాయని అంతకుముందు ఏ పట్టికా చెప్పలేదు.

మీ తమ్ముడి దగ్గరున్న పట్టికను పూర్తిగా, కింద సన్న అక్షరాల్లో ఉన్న గమనికలతో సహా, నాకు పంపు. శాతం వరుసను కాసేపు కాగితంతో కప్పి, ఏటా వచ్చే ఖాళీలనూ వేతనాన్నీ మాత్రమే చూసి తనకు నచ్చిన మూడు వృత్తులను వేరే కాగితం మీద రాసి పెట్టమని వాడితో చెప్పు. ఈ ఆదివారం వాడితో ఫోన్‌లో మాట్లాడి, ఆ మూడింటిలో ఏది ఎంత కాలంలో నేర్చుకోవచ్చో ఇద్దరం కూర్చుని చూస్తాం.

నీ
మిత్రుడు