జైళ్ల శాఖ మంత్రి గారికి: తీర్పు వచ్చేదాకా ఆ మనిషిని గోడకు వదిలేయకండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. హింసాత్మక నేరాలకు శిక్షలు ఇంకా కఠినం చేస్తామని మీరు అంటున్నారు. హత్య, అత్యాచారం, కత్తిపోట్లు అన్న మాటలు చెవిన పడితే జనానికి వచ్చే కోపంలో తప్పేమీ లేదు. నాకూ అంతే కోపం వస్తుంది. అయితే శిక్ష ఎంత ఉండాలన్న ఈ వాదనలో ఒక వర్గం ఎప్పుడూ మరుగున పడిపోతోంది. నేరం మోపారు, తీర్పు ఇంకా రాలేదు, బెయిలు దొరకలేదు. అలాంటివాళ్ల గురించే ఈ లేఖ. జైల్లో చదవడం, రాయడం నేర్పే ఉపాధ్యాయురాలిగా నేను రోజూ చూసేది వాళ్లనే.

విచారణ ఖైదీ దినచర్య ఎలా ఉంటుందో మీకు ఇచ్చే నివేదికల్లో కనిపించదు. పొద్దున తలల లెక్క, తరువాత తాళం, సాయంత్రం మళ్లీ తలల లెక్క, మళ్లీ తాళం. మధ్యలో ఉండేది గోడ. వాయిదా ఉన్న రోజున వ్యాన్ ఎక్కిస్తారు. కోర్టులో ఓ గదిలో గంటల తరబడి కూర్చోబెడతారు. సాక్షి రాలేదనో, న్యాయమూర్తి సెలవులో ఉన్నారనో చెప్పి చీకటి పడ్డాక వెనక్కి తెస్తారు. గొడవలో ఒకరిని పొడిచాడన్న కేసులో ఉన్న ఒక కుర్రవాడు తర్వాతి వాయిదా తేదీని పెన్నుతో ఎడమ అరచేతిలో రాసుకునేవాడు. చెమటకు చెరిగిపోతే మళ్లీ దిద్దుకునేవాడు. అతను పొడిచాడో లేదో నాకు తెలియదు, అది తేల్చవలసింది న్యాయస్థానం. కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పే తరగతిలో చేరతానని అతను అడిగాడు. అందుకు వచ్చిన జవాబు మాత్రం నాకు బాగా గుర్తుంది: "శిక్ష పడ్డాక రా, అప్పుడు పేరు రాసుకుంటాం."

మంత్రి గారూ, ఈ జవాబు ఎంత విడ్డూరమో ఆలోచించండి. నిర్దోషి కాబట్టి అతన్ని సంస్కరించాల్సిన పని లేదట. అంత నిర్దోషి అయితే ఏళ్ల తరబడి తాళం వెనుక ఎందుకు ఉన్నట్టు? దోషి అయితే మారడానికి పనికొచ్చే తొలి ఏళ్లను మనమే ఎందుకు పారబోసినట్టు? ఎటు తిప్పి చూసినా ఇందులో లాభపడేవారు ఎవరూ లేరు. ప్రపంచవ్యాప్తంగా జైళ్లలో ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మంది ఇలా తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాళ్లే.

నియమాలు లేక కాదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 14వ అధికరణం నేరం రుజువయ్యేదాకా మనిషిని నిర్దోషిగానే చూడాలంటుంది. నిందితులను శిక్ష పడినవారి నుంచి వేరుగా ఉంచాలనీ, జైలు వ్యవస్థ ముఖ్య లక్ష్యం ఖైదీల సంస్కరణే కావాలనీ 10వ అధికరణం చెబుతుంది. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 116వది మరీ స్పష్టంగా ఉంది. విచారణ ఖైదీకి పని చేసే అవకాశం ఎప్పుడూ ఇవ్వాలి, చేయమని బలవంతపెట్టకూడదు, చేస్తే కూలి చెల్లించాలి. మన దగ్గర ఆ మూడింటిలో బాగా అమలవుతున్నది బలవంతపెట్టకపోవడం ఒక్కటే, అదీ ఇవ్వడానికి పని లేదు కాబట్టి.

అసలు చిక్కుముడి ఇంకోచోట ఉంది. తరగతి తెరిచినా చాలామంది నిందితులు రారు. రావద్దని వాళ్ల న్యాయవాదులే చెబుతారు. హింస మానిపించే కౌన్సెలింగ్‌కు వెళ్లాడంటే తప్పు ఒప్పుకున్నట్టేనని రేపు ప్రాసిక్యూటర్ వాదిస్తే? కౌన్సెలర్ ముందు కన్నీళ్లతో చెప్పిన మాట కోర్టులో సాక్ష్యమై నిలబడితే? ఆ న్యాయవాదుల భయం నిజమైనదే, వాళ్ల సలహాను నేను తప్పుపట్టను. ఈ ముడిని విప్పే అధికారం వాళ్లకు లేదు, నాకూ లేదు. మీకుంది.

ఇదంతా ఫలితమిస్తుందా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. అమెరికాలోని షికాగోలో యువకుల కోసం నడిపిన ఒక కార్యక్రమంలో ఇలాంటి ఆట ఆడిస్తారు. ఇద్దరిలో ఒకడి పిడికిట్లో బంతి పెడతారు. ముప్పై సెకన్లలో దాన్ని సంపాదించమని రెండోవాడికి చెబుతారు. పిల్లలు మెలిపెట్టుకుంటారు, నేల మీద దొర్లుతారు. అంతా అయ్యాక శిక్షకుడు అడుగుతాడు: "బంతి ఇమ్మని అడిగావా?" అడగాలన్న ఆలోచనే రాలేదని ఆ కుర్రవాడికి అప్పుడు తెలుస్తుంది. కోపానికీ చేతికీ మధ్య ఒక్క క్షణం ఆగడం అక్కడ నేర్పుతారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన యువకులను, ఎంపిక కానివారితో పోల్చి చూశారు. ఆ శిక్షణ సాగినంత కాలం హింసాత్మక నేరాల్లో అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. దాదాపు అదే తరహా శిక్షణను షికాగో ఉన్న కౌంటీలోని (మన జిల్లా లాంటిది) బాలల తాత్కాలిక నిర్బంధ కేంద్రంలో ఇచ్చినప్పుడు, మళ్లీ అక్కడికే తిరిగి వచ్చేవారు 21 శాతం తగ్గారు. గమనించండి, అక్కడ ఉండేది ప్రధానంగా విచారణ ఇంకా ముగియని పిల్లలే. మార్పు మొదలవడానికి తీర్పు దాకా ఆగనక్కరలేదని ఇంతకన్నా ఎలా చెప్పాలి?

మరోవైపు, తాళం వేయడం ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. అమెరికాలోని 30 రాష్ట్రాల్లో 2005లో విడుదలైన ఖైదీల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు మూడేళ్లు తిరక్కుండానే మళ్లీ అరెస్టయ్యారు. 1764లోనే ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా రాసిపెట్టాడు, నేరాన్ని ఆపేది శిక్ష క్రూరత్వం కాదు, శిక్ష తప్పదన్న నిశ్చయమేనని. దర్యాప్తు నాణ్యతకూ సాక్షుల రక్షణకూ పైసా పెంచకుండా, శిక్షాకాలాన్ని మాత్రం కాగితం మీద పెంచే చట్టం ఎవరిని భయపెడుతుంది?

ఎవరినీ జైల్లో పెట్టవద్దని నేను అనడం లేదు. బయట ఉంచితే మరొకరి ప్రాణానికి ముప్పు తెచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకు చదువు చెబుతూ వాళ్ల కళ్లలోకి చూశాను. సౌమ్యమైన జైళ్లకు పేరుబడిన నార్వేలోనూ ప్రమాదకారి అని తేలిన నేరస్థుడి నిర్బంధాన్ని, గడువు ముగిశాక ఒక్కోసారి ఐదేళ్ల దాకా పొడిగించే వీలుంది. దయకూ జాగ్రత్తకూ అక్కడ పేచీ రాలేదు.

బాధితుల పేరు చెప్పి ఈ లేఖను పక్కన పడేయకండి. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లితో నేను మాట్లాడాను. ఆమె ఉరి గురించి ఎత్తనే లేదు. కేసు ఎక్కడిదాకా వచ్చింది, నిందితుడికి బెయిలు వస్తే తనకు ఎవరు చెబుతారు, బయటికి వచ్చినవాడు మళ్లీ ఇంకొకరి బిడ్డను చంపడని హామీ ఏమిటి అని అడిగింది. మొదటి రెండు ప్రశ్నలకు ఒక గుమస్తా, ఒక ఫోను ఉంటే జవాబు చెప్పవచ్చు. మూడోదానికి జవాబు చెప్పగలిగేది, ఆ నిందితుడు లోపల గడిపిన రోజులే.

కాబట్టి నా విన్నపం ఇది. జైలు గేటు దాటిన మొదటి వారం నుంచే విచారణ ఖైదీకి చదువు, కూలి ఇచ్చే పని, మత్తు వ్యసనానికి చికిత్స, కోపాన్ని అదుపు చేసుకునే శిక్షణ అందుబాటులో ఉంచండి. ఇష్టమైతేనే చేరాలి, చేరకపోతే నష్టం ఉండకూడదు. ఆ తరగతుల్లో చేరడాన్నీ, జరిగిపోయిన నేరం గురించి అక్కడ అన్న మాటలనూ అతని మీద సాక్ష్యంగా వాడకూడదని చట్టంలోనే రాయించండి. నిర్దోషిగా తేలి బయటికి వెళ్లేవాడికి కూడా కొంత సాయం అందాలి. ఉద్యోగం, ఇల్లు పోగొట్టుకుని వెళ్లేవాడు అతను, శిక్ష పూర్తయి వెళ్లేవారికి దొరికే అరకొర సాయమైనా అతనికి దొరకదు.

మీరు తేబోయే ముసాయిదాలో వీటిలో మొదట చేర్చవలసింది సాక్ష్యం గురించిన ఆ ఒక్క నిబంధన. దానికి కొత్త భవనం అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. ముసాయిదా సభకు వెళ్లేలోపు మీరు దీనికి జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
జైల్లో చదువు చెప్పే ఒక ఉపాధ్యాయురాలు