ఏసీ సర్వీసు బిల్లుల గురించి మా కస్టమర్లకు

మన షాపులో ఏసీ కొన్నవాళ్ళకీ, ఏటా ఎండలు ముదరకముందే సర్వీసు చేయించుకునేవాళ్ళకీ ఈ విషయం నేనే చెప్పాలి. ఈ సీజన్‌కి సర్వీసు పనుల కోసం మాట్లాడుకున్న ఏజెన్సీని ఆపేశాను. ఇక మన మెకానిక్‌లు ఇద్దరే వస్తారు. ఫోన్ చేసిన మర్నాడే రావడం కుదరదు, నాలుగైదు రోజులు పట్టొచ్చు. సర్వీసు ఛార్జీ కూడా 500 నుంచి 700 చేశాను.

మన పాత కస్టమర్, రిటైరైన లెక్కల మాస్టారు, ఆ ఏజెన్సీ కుర్రాడు ఇచ్చిన బిల్లు ఒకటి పట్టుకొచ్చారు. సర్వీసు 500, గ్యాస్ టాపప్ 2,200, కాయిల్‌కి యాంటీ రస్ట్ కోటింగ్ 900. పైన మన షాపు పేరు. "కొని రెండేళ్ళు కాలేదు, గ్యాస్ అప్పుడే ఎలా అయిపోయిందయ్యా?" అని అడిగారు. సరైన ప్రశ్నే. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టు. ఆ లీకు పట్టుకోకుండా గ్యాస్ ఎక్కించినా మళ్ళీ పోతుంది. లీకే లేకపోతే ఎక్కించాల్సిన పనే లేదు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికెళ్ళాను. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర పైపుల నట్లకు సబ్బు నురగ రాసి చాలాసేపు చూశాను. లీకుంటే బుడగలు రావాలి, ఒక్కటీ రాలేదు. వచ్చిన కుర్రాడు ఏం చేశాడని అడిగితే, ముందు గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ పెట్టి "ప్రెషర్ తక్కువుంది చూడండి" అని చూపించి, ఆ తర్వాత ఫిల్టర్ కడిగాడట. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోతే గేజ్ తక్కువే చూపిస్తుంది. కడిగి, కాసేపు నడిపించి చూడాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇది తెలియకపోవడం ఉండదు. ఇక కోటింగ్ అంటే ఒక స్ప్రే డబ్బా. మాస్టారు అడగనూ లేదు, కుర్రాడు చెప్పనూ లేదు. బిల్లులో మాత్రం ఎక్కింది.

ఏజెన్సీ అతన్ని పిలిచి అడిగాను. "అన్నా, 500లో ఇద్దరు కుర్రాళ్ళు, బండి ఖర్చు పోతే నాకేం మిగులుద్ది? గ్యాస్ రాస్తేనే మిగిలేది. కుర్రాళ్ళకి కూడా దాని మీదే కమిషన్. కావాలంటే నీకూ అందులో ఇస్తా" అన్నాడు. ఆ చివరి మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. మన షాపు పేరు ఈ ఖమ్మంలో మా నాన్న ఫ్యాన్లు రిపేరు చేసి సంపాదించింది. దానికి వాటా బేరం పెట్టాడు.

అయినా వెంటనే తెంచుకోలేకపోయాను. రోహిణి కార్తె ముందుంది. సీజన్ అయ్యేదాకా కళ్ళు మూసుకో, జూన్‌లో చూసుకుందాం అని ఇంట్లోవాళ్ళు అన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. పసిపిల్లలున్న ఇల్లు, మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇల్లు ఫోన్ చేస్తే రేపు రా, ఎల్లుండి రా అని ఎలా చెప్పాలి? నిద్ర పట్టేది కాదు. కానీ నేను కళ్ళు మూసుకున్న ప్రతి రోజూ మన షాపు పేరు మీద ఎవరో ఒకరి ఇంట్లో అలాంటి బిల్లు పడుతూనే ఉంటుంది. "మధ్యలో వదిలేస్తే నీకొచ్చే ఫోన్లు నువ్వు ఎత్తలేవు" అని అతను బెదిరించాక మాత్రం ఇక ఆలోచించలేదు. ఎత్తుతాను. నేనే ఎత్తుతున్నాను.

500లో గిట్టదన్న అతని మాట మాత్రం నిజం. అందుకే 700. లేని గ్యాస్ పేరు చెప్పి తీసుకునే బదులు ఆ 200 మొహం మీదే అడుగుతున్నాను. ఎక్కువనిపించినవాళ్ళు వేరేచోట చేయించుకోండి, నేనేమీ అనుకోను.

హోటళ్ళు బిల్లులో సర్వీస్ ఛార్జీ వాటంతట అవే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. అన్నం పెట్టేవాళ్ళకే అడక్కుండా బిల్లులో కలిపే హక్కు లేనప్పుడు, మీ ఇంటికొచ్చి మీకు అర్థం కాని మిషన్ విప్పే మాకు ఎక్కడిది?

ఇకపై గ్యాస్ వేయాల్సివస్తే లీకు ఎక్కడుందో మీకు చూపించి, దాన్ని సరిచేశాకే వేస్తారు. ఎంత పట్టాలో అవుట్‌డోర్ యూనిట్ మీద అతికించిన ప్లేట్‌లో రాసి ఉంటుంది, చూసుకోండి. మీరు ఊ అనకుండా కోటింగులు, స్ప్రేలు ఏవీ ఉండవు. మావాళ్ళే మాట తప్పితే నాకు చెప్పండి, నేను వినకపోతే 1915కి ఫోన్ చేయండి. అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

మాస్టారికి 3,100 తిరిగిచ్చేశాను. ఈ సీజన్లో మన షాపు బిల్లు మీద గ్యాస్ గానీ కోటింగ్ గానీ కట్టినవాళ్ళు బిల్లు తీసుకురండి, వచ్చి చూస్తాం, అవసరం లేని పనయితే డబ్బు ఇచ్చేస్తాం. ఆ ఏజెన్సీ నాకిచ్చినా ఇవ్వకపోయినా మీకివ్వడం ఆగదు.

అసలు చల్లబడని ఏసీలకు, చంటిబిడ్డలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇళ్ళకు ముందు వస్తాం. మామూలు సర్వీసయితే దయచేసి వానలు పడేదాకా ఆగండి. ఈలోపు ఫిల్టర్ మీరే తీసి పంపు కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టుకోవచ్చు. దానికి మమ్మల్ని పిలవక్కర్లేదు.